ఆట గంట

"నీకేం, పొద్దంతా పిల్లలతో ఆడుకుని వస్తావు" అన్నాడు మా ఆయన. కాళ్లు లాగుతున్నాయని నేను నోరు జారినందుకు అది జవాబు. ఆ మాట అనేటప్పుడు ఆయన మంచం మీద పడుకుని ఉన్నాడు, నేను నిలబడి ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తున్నాను. చిన్నపిల్లల బడిలో టీచర్ని నేను. ఆరేళ్ల లోపు పిల్లలు ఇరవై రెండు మంది. ముక్కులు తుడవాలి, బూట్లు కట్టాలి, కొట్లాటలు తీర్చాలి, ఒకడు ఏడుపు మొదలుపెడితే మిగతావాళ్లు అందుకోకుండా చూడాలి. ఇంటికి ఎవరైనా వస్తే "మా ఆవిడా టీచరేనండి, ముక్కులు తుడిచే టీచరు" అని పరిచయం చేస్తాడు. వాళ్లు నవ్వుతారు. టీ అందిస్తూ నేనూ నవ్వుతాను. ఏం చెయ్యను, చేతిలో ట్రే ఉన్నప్పుడు మొహం మాడ్చుకుంటే టీ బాగాలేదంటారు.

ఆ చొక్కా మర్నాడు మా బడికి రావడానికే. మా అమ్మాయి కూడా నా క్లాసులోనే ఉంది. ఐదేళ్లు. క్షణం నోరు మూయదని అందరూ దాన్ని పిచ్చుక అంటారు. మర్నాడు శనివారం, తల్లిదండ్రులందరినీ రమ్మని మా పెద్ద మేడమ్ కబురు పెట్టింది. "వెనక వీధి బడిలో పిల్లలు వంద దాకా రాసేస్తున్నారట. మనవాళ్లేమో డబ్బా మీద డబ్బా పెడుతున్నారు. పేరెంట్స్ నన్ను పీక్కు తింటున్నారమ్మా. నీ ఆట గంటలో ఏముందో వాళ్ల కళ్లకే చూపించు. చేతులెత్తమని అడుగుతాను. కావాలంటే ఉంచుదాం. వద్దంటే సోమవారం నుంచి ఆ గంటలో చేతిరాత" అని నాకు తేల్చి చెప్పింది.

వారం రోజులు నేను మాటలు కూర్చుకున్నాను, కూరలు తరుగుతూ, బట్టలు ఆరేస్తూ. ఈ పిల్లలు పెద్దయ్యేసరికి ఏ ఉద్యోగాలుంటాయో మనలో ఎవరికీ తెలియదు. లెక్కలు యంత్రాలు చేసేస్తాయి. కానీ ఏ కాలంలోనైనా మనిషి మనుషులతోనే కదా బతకాలి. తన వంతు వచ్చేదాకా ఆగడం, పోట్లాడిన వాడితోనే మళ్లీ కలవడం, కాసేపు తాను ఇంకొకరై చూడటం, ఇవి పుస్తకంలో ఎక్కడ దొరుకుతాయి? నేను దీన్ని నమ్ముతాను. నా బతుకులో నేను గట్టిగా నమ్మిన సంగతి ఇదొక్కటే. అందుకే రోజూ ఆ గంటసేపు పిల్లలు తమ ఇష్టానికి ఆడుకుంటుంటే మధ్యలో వేలు పెట్టను. "ఇంటినిండా చెత్త" అని మా అత్తయ్య గొణుగుతున్నా వినిపించుకోకుండా ఖాళీ డబ్బాలు, సీసా మూతలు, అట్టపెట్టెలు పోగుచేసి బడికి మోసుకెళ్తాను. ఇస్త్రీ అయ్యాక ఆ మాటలన్నీ మా ఆయనకి వినిపించబోయాను. "అవన్నీ సరే, మన పిల్లకి రెండో ఎక్కం వచ్చా?" అని అటు తిరిగాడు.

శనివారం తల్లిదండ్రులు పిల్లల కుర్చీల్లోనే కూర్చోవాల్సి వచ్చింది, మోకాళ్లు గడ్డానికి తగిలేలా. మొదట అంతా బాగానే నడిచింది. ఇద్దరు మగపిల్లలు ఒక మూత కోసం జుట్టూ జుట్టూ పట్టుకున్నారు. నేను కదల్లేదు. కాసేపటికి వాళ్లే "ఇది స్టీరింగు, నువ్వు అటు వెళ్లేటప్పుడు తిప్పు, నేను వచ్చేటప్పుడు తిప్పుతా" అని ఒప్పందానికి వచ్చారు. ఒక తండ్రి "పర్వాలేదే!" అన్నాడు. ఇక లేచి నా నాలుగు మాటలూ చెబుదామనుకుంటుండగా ఓ మూల ఐదుగురు పిల్లలు చేతులు చాపి పంటలు వేసుకోవడం మొదలుపెట్టారు.

"పంటలెందుకమ్మా?" అని అడిగాడు ఆ తండ్రే.

"ఇల్లాటకి. అమ్మ ఎవరో తేలాలిగా" అంది మేం టపాకాయ అని పిలిచే పిల్ల.

"గెలిచినవాళ్లు అమ్మా?"

ఇంత పెద్దమనిషికి ఈమాత్రం తెలియదా అన్నట్టు పిల్లలంతా ఆయన్ని చూసి పకపకా నవ్వారు. "కాదు అంకుల్! ఓడిపోయినవాళ్లు!"

ఈ రూలు నాకూ తెలియదు. వాళ్లు ఆ మూల ఆడుకునే వేళకి నేను ఇటు ఎవరి బూట్లో కడుతూ ఉంటాను. ముందు టపాకాయ పండి గెలిచింది. "నేను నాన్న!" అని ఎగిరి, నా కుర్చీ ఎక్కి కాలు మీద కాలు వేసుకుంది. రెండోది నానమ్మ అయింది. మూడోవాడు చుట్టం. నాలుగోవాడు కాసేపు ఆలోచించి "నేను పిల్లి" అన్నాడు. అమ్మ కావడం కంటే పిల్లి కావడం నయమని వాడికి తోచింది, ఎవరూ ఆశ్చర్యపోలేదు. పెద్దవాళ్లు కడుపు పట్టుకుని నవ్వుతున్నారు. మిగిలింది మా పిచ్చుక. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు, నిట్టూర్చింది. తర్వాత నడుం మీద చెయ్యి వేసుకుని పనిలోకి దిగింది.

"మంచినీళ్లు" అంది నాన్న. ఇచ్చింది. "నా కళ్లజోడేదీ?" అంది నానమ్మ. వెతికి పెట్టింది. పిల్లి మ్యావ్ అంటే దానికి పాలు పోసింది. కూర్చోబోయేసరికి "టీ చల్లారిపోయింది" అంది నాన్న. "అయ్యో, మళ్లీ పెడతానండీ" అంది పిచ్చుక. ఆ అయ్యో నాది. చివర గొంతు సన్నం చెయ్యడం కూడా నాదే. "అచ్చు వాళ్లమ్మే!" అని మా ఆయన పక్కవాళ్లకి చెప్పి అందరికంటే గట్టిగా నవ్వాడు.

అప్పుడు పిచ్చుక పుస్తకాల బీరువా వెనక్కి వెళ్లింది. గోడకి మొహం ఆనించి నిలబడి నోటితో 'స్స్స్స్' అని చప్పుడు చేసింది.

"ఏం చేస్తున్నావక్కడ?" అని అరిచింది నాన్న.

"కుళాయి తిప్పుకున్నా. కాసేపు ఏడ్చి వస్తా. కుళాయి తిప్పితే మీకు వినపడదుగా" అంది పిచ్చుక. మళ్లీ 'స్స్స్స్' అంది. తర్వాత రెండు అరచేతులతో మొహం తుడుచుకుని, నవ్వు పెట్టుకుని బయటికొచ్చి "కూర ఏం చెయ్యమంటారు?" అని అడిగింది.

ముందు తల్లులు నవ్వడం ఆపారు. తండ్రులు ఇంకాసేపు నవ్వి ఆపారు. ఆ స్నానాల గది గడియ, ఆ కుళాయి, ఆ పది నిమిషాలు, అవైనా నా సొంతమనుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. పెద్ద మేడమ్ నా చెవి దగ్గరికి వచ్చింది. "ఇదేం ఆటమ్మా? గెలిచినవాళ్లే అమ్మ అని రూలు మార్చి మళ్లీ ఆడించు. చప్పట్లు కొడతారు, నీ గంట నీకు దక్కుతుంది" అంది. నిజమే. నేను చెబితే పిల్లలు వింటారు కూడా. కానీ వాళ్లు చూసిందే ఆడుతున్నారు. ఆట దిద్దితే ఇళ్లు మారతాయా? అలా దిద్దితే పిల్లలకి నటించడం ఒక్కటే అలవాటవుతుంది. "నావల్ల కాదు మేడమ్" అన్నాను. ఇక నేను మాట్లాడాల్సిన వంతు వచ్చింది. వారం రోజులు కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. అందరి ముందూ నిలబడి, చేతిలో ఉన్న డబ్బా మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టాను.

ఆట గంట కావాలన్నవాళ్లని చేతులెత్తమన్నారు. మూడు చేతులు లేచాయి. ఒకావిడ సగం ఎత్తి, మొగుడి వైపు చూసి, ఆ చేత్తోనే జుట్టు సర్దుకుంది. మా ఆయన చేతులు కట్టుకునే ఉన్నాడు. పిచ్చుక తల్లిగా నేనూ ఎత్తొచ్చేమో. ఎవరూ అనలేదు, నేనూ అడగలేదు. సోమవారం నుంచి చేతిరాత.

దారిలో మా ఆయన "పదిమందిలో పరువు తీశారు తల్లీ కూతుళ్లు. ఇవన్నీ నువ్వే నేర్పావా?" అన్నాడు. "నేనేమీ నేర్పలేదండీ" అన్నాను. అదే నా భయం. ఎవరూ నేర్పకుండానే దానికి అంతా వచ్చేసింది. రెండో ఎక్కం రాలేదు గానీ ఇది వచ్చేసింది. దీన్ని దాని బుర్రలోంచి ఎలా తియ్యాలో నాకు తెలియదు. ఆయన విసవిసా ముందుకి వెళ్లిపోయాడు. మేమిద్దరం వెనకబడ్డాం.

పిచ్చుక నా చెయ్యి పట్టుకుని ఊపుతూ కాసేపు నడిచింది. తర్వాత "అమ్మా, నువ్వెవరితో పంటలేసుకున్నావు?" అని అడిగింది.

"నాకెవరూ పంటలు వెయ్యలేదమ్మా" అన్నాను.

అది ఆగిపోయింది. తలెత్తి నా మొహంలోకి చూసింది.

"వెయ్యకుండానే ఓడిపోయావా?" అంది.