మస్కట్ దగ్గర, ఖమ్మం దూరం

నాకు కోపం ముక్కు మీదుంటుందని మా ఆవిడ ప్రమీలారాణి అందరికీ చెబుతుంది. నిజమే. ఆరేళ్ళు భద్రాచలంలో ఒంటిగదిలో వండుకు తిని, శనివారం ఖమ్మం బస్సెక్కి, ఆదివారం మళ్ళీ అదే బస్సులో తిరిగొచ్చేవాడికి కోపం ఇంకెక్కడుండాలి? ఆవిడ ఖమ్మంలో టీచరు. నేను భద్రాచలంలో ఒక సర్కారీ ఆఫీసులో గుమాస్తాని. ఆఫీసు పేరు చెప్పను, నాకింకా పింఛను రావాలి. మా అమ్మాయికి అప్పుడు తొమ్మిదేళ్ళు. ఆదివారం నేను సంచి సర్దుకుంటుంటే గుమ్మంలో నిలబడి, చుట్టానికి చెప్పినట్టు, "మళ్ళీ రండి నాన్నా" అనేది. ఆ మాట వినలేక బదిలీకి అర్జీలు పెట్టడం మొదలుపెట్టాను. పదకొండు పెట్టాను. పన్నెండోది రాస్తుండగా జమ్లి వచ్చింది.

ఎనభై ఎనిమిదో సంవత్సరం, ఎండాకాలం. జమ్లిది జూలూరుపాడు అవతల తండా. మోచేతులదాకా గాజులు, అద్దాల రవిక, చేతిలో గుడ్డసంచి. కుర్చీ చూపిస్తే వద్దని నా టేబుల్ పక్కన నేల మీద కూర్చుంది. ఆమె పెద్దకూతురు హేమ్లి నర్సు చదివింది. మస్కట్‌లో ఒక దవాఖానాలో ఉద్యోగం దొరికింది. పాస్‌పోర్టుకి పుట్టిన తేదీ కాగితం కావాలి.

"ఎప్పుడు పుట్టింది?" అన్నాను, తలెత్తకుండా.

"మా మిరపతోట కాలిన ఏడు."

"తోట ఎప్పుడు కాలింది?"

"హేమ్లి పుట్టిన ఏడే సారూ. ఇప్పుడే చెప్తి గద."

బడి రిజిస్టరులో చూద్దామా అంటే, అందులో తండా పిల్లలందరూ జూలై ఒకటినే పుట్టారు. పంతులుకి ఆ తేదీ ఒక్కటే వచ్చు. ఇక జమ్లి మొదలుపెట్టింది. తోటకు నిప్పెట్ల అంటుకుంది, నొప్పులు ఎప్పుడు మొదలైనయి, మంత్రసాని కోసం మొగుడు హాతీరాం ఎటు పోయిండు, ఎటు తప్పిపోయిండు. నా అర్జీలో 'కుటుంబ కారణముల రీత్యా' అని రాయబోయి 'మంత్రసాని కారణముల రీత్యా' అని రాశాను. కాగితం చింపాను. ఇంకోటి తీశాను. ఆమె అప్పటికింకా బిడ్డను కనలేదు.

ఒళ్ళు మండిపోయింది. లేచి, నేనే ఫైలు కట్టి, జూలై ఒకటే ఖాయం చేసి, నేనే పట్టుకుపోయి, ఆఫీసరు గారు సంతకం పెట్టేదాకా నెత్తిన నిలబడ్డాను. వసారా ఈ చివర నుంచి ఆ చివరకి ఫైలు నడవడానికి మూడు నెలలు పట్టే ఆఫీసు మాది. ఆ కాగితం అరగంటలో అయిపోయింది. అటెండరు పగిడయ్య నోరు తెరిచి చూశాడు. నేను చేసింది దయా కాదు, ధర్మమూ కాదు. వదిలించుకోవడం. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తరవాత ఎవరూ నమ్మలేదు.

నాలుగు నెలలు గడిచాయి. గోదావరి ఒకసారి వచ్చి చూసి పోయింది. పన్నెండో అర్జీ ఫలించింది. ఖమ్మం పెద్దాఫీసులో ఒక ఖాళీ వచ్చింది, నన్ను పంపవచ్చునని కాగితం వచ్చింది. మా ఆఫీసరు గారు దాని మీద 'రిలీవ్' అని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టాలి. సోమవారం పెడతానన్నారు. ఆ వారం ఖమ్మం వెళ్ళకుండా, ఆదివారమే నేను పరుపు చుట్ట కట్టేశాను. మా ఆవిడకు కార్డు రాశాను. ఆరేళ్ళలో మొదటిసారి ఆఫీసుకి ఈల వేసుకుంటూ వెళ్ళాను.

పదకొండింటికి డప్పులు వినిపించాయి. శవయాత్ర అనుకున్నాను. ఒకరకంగా నాదే.

జమ్లి, హాతీరాం, వెనక ఇరవైమంది ఆడవాళ్ళు. అద్దాల బట్టలు ఎండకి తళతళలాడుతున్నాయి. వసారాలో గుండ్రంగా నిలబడి ఆడటం, పాడటం. హాతీరాం నా మెడలో బంతిపూల దండ వేశాడు. జమ్లి ఒక కోడిపుంజును తెచ్చి నా టేబుల్ కాలికి కట్టేసింది. హేమ్లి పంపిన సెంటుసీసా మూత తీసి, సగం సీసా నా చొక్కా మీద పోసింది.

"ఏంది ఈ గోల? లేవండి, బయటికి నడవండి," అని అరిచాను. ఎవరు వింటారు?

ఆఫీసరు గారు గదిలోంచి బయటికొచ్చారు. జమ్లి ఆయన ఎదుటికే పోయింది.

"దొరా, నా బిడ్డ మస్కట్ చేరింది. పాసుపోర్టు ఆగలే. వీసా ఆగలే. బొంబాయిల విమానం ఒక్క గడియ లేటు కాలే. ఆడ దిగంగనే దవాఖానోళ్ళు దాని పేరు రాసిన అట్ట పట్టుకొని నిలబడ్డరంట. మా మరిది దుబాయ్ పోతనని పోయి, మూడు నెలలు బొంబాయిల తిరిగి, ఉన్న చెప్పులు గూడ పోగొట్టుకొని వచ్చిండు. నా బిడ్డకు కాలుల ముల్లు దిగలే. మొదటి కాయితం ఎవరు రాసిన్రు? ఈ సారు. ఈ చెయ్యి మంచిది దొరా."

అని నా కుడిచెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకుంది. నా టేబుల్ కింద కోడి కూసింది.

ఆఫీసరు గారి కళ్ళు చెమర్చాయి. ఆయన సున్నితమైన మనిషి, అదే నా ఖర్మ. "ఇరవై రెండేళ్ళ సర్వీసులో మన ఆఫీసుకి జనం తిట్టడానికి కాకుండా రావడం ఇదే చూడటం. వెంకటప్పయ్య గారూ, మీ హస్తవాసి ఇలాంటిదని తెలియక, పొరపాటున మిమ్మల్ని వదిలేసేవాణ్ణి కదయ్యా," అన్నారు.

"సార్, వదిలేయండి సార్," అన్నాను. వినయం అనుకున్నారు. లోపలికెళ్ళి 'ప్రజల సౌకర్యార్థం ఇతనిని ఇక్కడే కొనసాగించవలెను' అని రాశారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. నా విషయంలో పూజారి ఏడుస్తూ మరీ ఇవ్వలేదు.

మా ఆవిడ నా కార్డుకి జవాబు రాయలేదు. ఆ శనివారం వెళితే, మా అమ్మాయి నా పరుపు కోసం ఖాళీ చేసి ఉంచిన మూల చూపించింది. అక్కడ తన బొమ్మలపెట్టె తీసేసింది. ఏమీ అడగలేదు. ఆదివారం ఆ పెట్టె మళ్ళీ లాక్కొచ్చి అక్కడే పెట్టుకుంది. చచ్చిపోవాలనిపించింది.

పైగా హస్తవాసి ఊళ్ళు దాటింది. చండ్రుగొండ నుంచి గల్ఫ్‌కి పోయేవాళ్ళు, ఎటూ పోనివాళ్ళు కూడా వచ్చి మొదటి అక్షరం నన్నే రాయమనేవారు. ఒకాయన బోరు వేయిస్తున్నానని కాగితం మీద 'నీళ్ళు' అని రాయించుకుపోయాడు. పడ్డాయి. మర్నాడు మరో ఆరుగురు వచ్చారు.

సరిగ్గా అప్పుడు జమ్లి మళ్ళీ వచ్చింది, హేమ్లి ఉత్తరం చదివించుకోవడానికి. చదివాను. గదిలో ఫ్యాను ఉందట, తోడు ఇద్దరు మలయాళీ అమ్మాయిలు ఉన్నారట, అన్నం సరిపోతోందట. 'ఇక్కడికి వచ్చినవాళ్ళందరికీ ఎక్కడో ఒకచోట ఏదో ఒకటి అడ్డం పడ్డదంట యాడీ, నాకే ఏదీ అడ్డం పడలేదు, ఆ సారుకి నా దండం చెప్పు' అని రాసింది. యాడీ అంటే వాళ్ళ భాషలో అమ్మ.

ఉత్తరం టేబుల్ మీద కొట్టాను. "నీ కూతురు సముద్రం దాటి పోయింది. నేను గోదావరి దాటి పోలేకపోయాను. ఎందుకో తెలుసా? మీరు చేసిన పనికి." మొత్తం చెప్పేశాను. ఖమ్మం, రిలీవ్, పరుపుచుట్ట, బొమ్మలపెట్టె, అన్నీ.  చివరికొచ్చేసరికి ఇంకా గట్టిగా అరిచాను.

జమ్లి టేబుల్ మీది ఉత్తరం తీసి మడతపెట్టింది.  తరవాత మెల్లగా అడిగింది. "మెచ్చుకుంటె ఆపుతరా సారూ?"

"ఆపుతారు."

"మరి తిడితె?"

"తిడితే పంపిస్తారు. పో, ఇక పో."

ఉత్తరం రవికలో దోపుకుని వెళ్ళిపోయింది.

పదిహేను రోజులకి ఆఫీసరు గారు పిలిచారు. లోపల జమ్లి, హాతీరాం నిలబడి ఉన్నారు. జమ్లి నన్ను చూసి మొహం అటు తిప్పుకుంది. ఆఫీసరు గారి చేతిలో ఒక ఫిర్యాదు, కింద నలభై మూడు వేలిముద్రలు. జమ్లి చిన్నకూతురు రూప్లి పదో తరగతి, అక్షరాలు ముత్యాల్లా రాసింది. ఆయన పైకి చదివారు.

'ఈ సారు మనుషులను చూసి మాట్లాడడు. మంచినీళ్ళు అడిగితే గోదావరి అటుంది అన్నాడు. ముసలవ్వ దగ్గితే బయట దగ్గమన్నాడు. దండ వేస్తే తిట్టినాడు. ఉత్తరం చదివి బల్ల మీద కొట్టినాడు. ఇటువంటి సారు మాకు వద్దు, దూరం పంపించగలరు.'

నా చెవులు వేడెక్కాయి. ఎందుకంటే అబద్ధం ఒక్కటీ లేదు. గోదావరి సంగతి నేనే మర్చిపోయాను. ఆరేళ్ళ కోపాన్ని ఒక తండా తండా కూర్చుని గుర్తుచేసుకుంది.

"మొన్ననే కదమ్మా దండ వేశావు?" అన్నారు ఆఫీసరు గారు.

"అప్పుడు సరిగ తెల్వకపాయె దొరా."

"లంచం అడిగాడని రాయలేదే?"

జమ్లి ఉలిక్కిపడింది. "అట్లెట్ల రాస్తం? అడగలే గద. లేనిది రాస్తె కండ్లు పోతయి."

ఆఫీసరు గారు తల పట్టుకున్నారు. "శిక్ష వేయక తప్పదు. కానీ ఎక్కడికి పంపను? నన్నే ఇక్కడికి శిక్ష కింద పంపారు."

తలుపు దగ్గర నిలబడ్డ పగిడయ్య గొంతు సవరించుకున్నాడు. "సార్, ఆ ఖమ్మం పెద్దాఫీసుల ఖాళీ ఇంకట్లనే ఉన్నది. ఆడ పెద్దసార్ల కండ్ల ముందట ఉంటె, ఈయన నోరు లేవదు."

"అదీ నిజమే," అన్నారు ఆఫీసరు గారు. కలం తీశారు. నేను తలొంచుకుని నిలబడ్డాను. సిగ్గుతో అనుకుని ఉంటారు. సగం సిగ్గే.

మర్నాడు ట్రంకుపెట్టె, పరుపుచుట్ట బస్సు పైన వేసి, కోడిపుంజును ఒళ్ళో పెట్టుకుని బయల్దేరాను. దాన్ని కోయలేకపోయాను, మూడు నెలలు ఒకే గదిలో ఉన్నాం మరి. కొత్తగూడెం దాటింది. మధ్యాహ్నానికి జూలూరుపాడులో బస్సాగింది. కిటికీ బయట, ఎండలో, జమ్లి నిలబడి ఉంది. ఎన్ని బస్సులు చూసిందో. కొంగు చివర చెమటకి తడిసి ఉంది. పగిడయ్య కబురు పెట్టి ఉంటాడు.

కొంగులోంచి ఒక బొమ్మ తీసి కిటికీలోంచి లోపలికి పెట్టింది. కళ్ళు మూసి తెరిచే బొమ్మ, హేమ్లి పంపించింది.

"మీ బిడ్డ పెట్టెల ఏసుకుంటది," అంది.

కృతజ్ఞత చెప్పాలనుకున్నాను. పుట్టి బుద్ధెరిగాక ఎవరికీ చెప్పని మాట అది, ఎటునుంచి మొదలుపెట్టాలో తెలియలేదు. కిటికీ కమ్మీలోంచి చెయ్యి బయటపెట్టి ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"జమ్లమ్మా," అన్నాను, "నువ్వు చేసిన మేలు..."

ఆమె కంగారుగా అటూ ఇటూ చూసి, చెయ్యి విదిలించుకుంది.

"ఊకో సారూ, మెల్లగ. ఎవరన్న ఇంటె మళ్ళ ఆపుతరు."