లోపలి టైరు

నేను ఒక తుమ్మకర్రను. మూరెడు పొడవు, పిడికిట్లో ఇమిడే లావు. నరసరావుపేట దగ్గర ఒక వడ్రంగి నాగలికి మేడి చెయ్యగా మిగిలిన ముక్కను. యోహాను అనే లారీ డ్రైవరు నన్ను అడిగి తీసుకుని, గాజుపెంకుతో గీకి నున్నగా చేసి, ఒక చివర కన్నం పెట్టి తాడు కట్టుకున్నాడు. పొలానికి పోవలసిన దాన్ని రోడ్డున పడ్డాను.

నా పని టైర్లను కొట్టి చూడడం. గాలి నిండుగా ఉంటే టైరు మోగి నన్ను వెనక్కి తోస్తుంది. తగ్గితే దెబ్బను మింగేస్తుంది. మొదటిరోజు నాకు నమ్మకం కుదరలేదు. గుప్పిట పడితే నిలవని గాలి, పదహారు టన్నుల మిరప బస్తాలను ఎత్తిపట్టుకుని నిలబడింది. పదకొండేళ్లు కొట్టినా ఆ ఆశ్చర్యం తీరలేదు. మనుషులు మాత్రం గాలి పోయినప్పుడే దాన్ని తలుచుకుంటారు, అదీ తిట్టడానికి.

రెండేళ్ల కిందట యోహాను కామెర్లతో పోయాడు. లారీ మరొకరి చేతికి వెళ్లింది. నేను ఇంటికి చేరాను. అతని భార్య సామ్రాజ్యం నన్ను తలుపు వెనక ఆనించింది. ఒకటి రెండుసార్లు నాతో కోళ్లను తోలింది. ఆ తర్వాత తాకలేదు. ఇల్లు ఊడ్చేటప్పుడు కూడా నా చుట్టూ ఊడ్చేది.

ఈ వేసవిలో ఒక గురువారం నన్ను బయటికి తీసింది. ట్రాక్టరు తోలడం ఆమెకు పెళ్లికి ముందే వచ్చు. ఇప్పుడు పెద్ద బండ్ల లైసెన్సు కూడా సంపాదించింది. ఒక ట్రాన్స్‌పోర్టు కంపెనీ కొత్త డ్రైవర్లకిచ్చే వారం రోజుల శిక్షణకు సోమవారం రమ్మంది. వారం నిలబడినవాళ్లకే బండి. మొదటి ఉదయమే బండి చుట్టూ తిరిగి లోపం చెప్పమంటారట. చెప్పలేనివాళ్లను అక్కడికక్కడే ఇంటికి పంపేస్తారట. ఈ మాట చెప్పింది సుభానీ, యోహానుతో కలిసి లారీలు తోలిన పెద్దాయన.

నల్ల బూట్లు ఉండాలన్నారని కొని, కాలికి అలవాటు కావాలని వాకిట్లో అటూ ఇటూ నడిచింది. పక్కింటి పిల్ల గోడమీంచి చూసి, "పిన్నీ, పోలీసుల్లో చేరావా?" అంది.

"లేదే. ఇకమీదట వాళ్లు నన్నాపుతారు," అంది సామ్రాజ్యం.

శుక్రవారం సుభానీ తన పది టైర్ల లారీ దగ్గరికి రమ్మన్నాడు. బండి నిండా లోడుంది. ముందు రెండు టైర్లు, వెనక నాలుగు జంటలు; ఒక్కో జంటలో బయట ఒకటి, లోపల ఒకటి. ఆమె నాతో ఒక్కొక్కదాన్నీ కొట్టి, అన్నీ బాగున్నాయంది. మళ్లీ కొట్టమన్నాడు. మళ్లీ అదే మాట. అప్పుడాయన నన్ను తీసుకుని, మూడో జంట సందులోంచి లోపలికి పోనిచ్చి కొట్టాడు. దెబ్బ తడిమట్టిలో పడ్డట్టు పడింది. ఆ లోపలి టైరు గాలి పొద్దున్నే ఆయనే తీసేశాడు. కొత్తవాళ్లందరూ చేసే తప్పే ఆమె కూడా చేసింది: కనబడేవాటినే కొట్టింది.

"బయటిది బాగానే మోగింది గదా బాబాయ్. తిన్నగా నిలబడుంది."

"మోస్తా ఉంటే నిలబడినట్టే కనబడుద్దమ్మా. పక్కది పోయిన సంగతి అది చెప్పదు. మనమే అడగాల."

సామ్రాజ్యం ఆ బయటి టైరు మీద అరచెయ్యి పెట్టి అలాగే నిలుచుంది. సుభానీ బీడీ వెతుక్కుంటూ అటు తిరిగాడు.

శనివారమంతా లోపలి టైర్లే కొట్టింది. కళ్లు మూసుకుని కొట్టింది. ఆదివారం చర్చి నుంచి వచ్చాక కాగితాలు, ఫొటోలు, బట్టలు సంచిలో సర్దింది. నన్ను పెట్టి, తీసి, మళ్లీ తువ్వాల్లో చుట్టి పెట్టింది.

సోమవారం కంపెనీ ఆవరణలో ఎనిమిదిమంది. నేర్పేవాడు కుర్రవాడే. చేతిలో గాలి కొలిచే మీటరు. నన్ను చూసి, "ఏంటమ్మా, బర్రెల్ని తోలుకొచ్చావా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. మీటరు తర్వాత, ముందు చూసి చెప్పండన్నాడు. ఆమె కంటే ముందు చూసిన నలుగురూ టైర్లన్నీ బాగున్నాయన్నారు.

ఆమె వంతు వచ్చింది. వెనక ఎడమవైపు రెండో జంట. సందులోకి వెళ్లాను. టైరు దెబ్బను మింగేసింది. నా మీద ఆమె పిడికిలి బిగుసుకుంది.

"సార్, ఇక్కడ బయటిదొక్కటే మోస్తోంది."

కుర్రవాడు వంగి మీటరు పెట్టి చూశాడు. లేచి ఆమె పేరు మళ్లీ అడిగి రాసుకున్నాడు. వారం చివర ఆమెకు బండి తాళాలిచ్చింది అతనే.

ఇప్పుడు నేను ఆ బండి తలుపు అరలో ఉంటాను. కంపెనీ ఇచ్చిన మీటరు నా పక్కనే. నా ఒక చివర చీలితే ఆమె తీగ చుట్టింది. బయల్దేరేముందు నియమం ప్రకారం మీటరుతో అన్నీ కొలుస్తుంది. తర్వాత నన్ను తీసి, లోపలి టైర్లను ఒక్కొక్కదాన్నే అడుగుతుంది. బయటివాటిని కొట్టదు. అరచెయ్యి ఆనించి, బండెక్కుతుంది.