తుపాకీకి ప్రార్థన

పాస్టరు జీవానందంగారు చెయ్యి వేయనిదే ఆ రేవులో కొత్త వస్తువేదీ కదలదు. పడవ ఇంజనుకైనా, ఆటోకైనా, చివరికి మిక్సీకైనా ఆయన అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని ప్రార్థన చేయాల్సిందే. అలాంటి మనిషి, కన్నకూతురు అబిగయీలు చేసినదాని జోలికి మాత్రం రానన్నారు.

తప్పు కొంత అబిగయీలుదే. నెల్లూరులో ఇంజనీరింగు చివరి ఏడు చదువుతోంది. పైపు చుట్టూ రాగితీగ చుట్టింది. అందులోకి ఒక్కసారిగా కరెంటు వదిలితే, ఆ అయస్కాంతం లాగుడుకు ఇనుపచువ్వ దూసుకుపోతుంది.

"మందుగుండు అక్కర్లేని తుపాకీ నాయనా! ముందుముందు యుద్ధనౌకల మీద ఇట్టాంటియ్యే పెడతారంట" అని గొప్పలు పోయింది.

"మనుషుల్ని చంపేదానికి నేను ప్రార్థన చెయ్యను పాపా."

ఆమె మనసు చివుక్కుమంది. బడిలో వేసిన రోజు తన పలకమీద కూడా చెయ్యి పెట్టిన నాయన! ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, ఆ తర్వాత అన్న ఆండ్రూ గుర్తొచ్చాడు. పోయిన వానాకాలంలో, ఏరు సముద్రంలో కలిసేచోట పడవ ఇరుక్కుంటే, తాడు పట్టుకుని ఈదబోయి కొట్టుకుపోయాడు. సమాధి దగ్గర నాయన ప్రార్థన పూర్తి చేయలేకపోయారు.

శనివారం సాయంత్రం, ఒడ్డుకు కాస్త దూరంలో, నీళ్ళమీద, జాలరి పెంచల్ తన పడవ నిలిపాడు. ఒడ్డున అబిగయీలు చువ్వ తోకకు నైలాను దారం కట్టి, తుపాకీకి కరెంటు ఎక్కించసాగింది.

"ముందు దారం వస్తది పెంచలన్నా! దాన్ని లాగితే ఎనక తాడొస్తది. ఇంక ఎవురూ ఈదే పన్లేదు!" అని కేకేసింది.

అన్నం తినకుండా వచ్చేసిందని క్యారియర్ పట్టుకొచ్చిన జీవానందంగారు ఆ మాట విన్నారు. క్యారియర్ ఇసుకలో పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, అలవాటు కొద్దీ యంత్రం మీదకు చెయ్యి చాచారు.

"నాయనా, ముట్టుకోబాక!" ఆమె గబుక్కున ఆ చెయ్యి పట్టేసుకుంది. "కరెంటుంది, చచ్చిపోతావు!"

 ఆయన కళ్ళు తెరవలేదు. కూతురి చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నారు.

"తండ్రీ, దీన్ని రేపు ఎవురు ఎందుకు వాడతారో నాకు తెలవదు. చేసిన ఈ చెయ్యిని నీకు అప్పజెప్తుండా. ఆండ్రూని..."

 ఆ మాట అక్కడే వదిలి, "ఆమేన్" అన్నారు.

అన్నాక కూడా చెయ్యి వదల్లేదు. అబిగయీలు ఎడమచేత్తోనే మీట నొక్కింది. దారం అలల మీదుగా పోయి పడవలో పడింది. పెంచల్ దాన్ని పట్టుకుని లాగసాగాడు.