ఒంటి బంటు

ఆషాఢమాసమునఁ బునర్వసుకార్తె ప్రవేశించినది మొదలు ఎడతెగక కురియుచున్న వానకు గోగులపల్లె సంస్థానమునందలి నల్లరేగడినేలలు కాలు మోపినవానిని మోకాలిదాఁక మ్రింగుచు, దుక్కియెద్దులు కొట్టములలోఁ దోఁక లార్చుచు నెమరు వేయుచు, పనిలేని రైతులు గొంగళ్లు దలమీఁదఁ గప్పికొని జమీందారుగారి చావడికిఁ జేరి చుట్టలు గాల్చుటయు మఱచి యుండఁగా, పడమటిదిక్కున మేఘముల చీలికనుండి వెలువడిన సాయంసూర్యుని కెంపువన్నె వెలుఁగు తడిసిన పెంకులమీఁదఁ గరఁగిన రాగివలె జాఱుచుండెను. అంతమంది చేరియున్నను ఆ చావడిలో నొకరి యూపిరి యొకరికి వినఁబడునంతటి నిశ్శబ్దము నెలకొనియుండెను.

ఆ నిశ్శబ్దమునకు నడుమ నొక చదరంగపుఁ బలక. పలక కావలిప్రక్కను సింగరాచార్యులవారు పట్టుశాలువ భుజమునుండి జాఱినను సవరించుకొనక కూర్చుండియుండిరి. ఈయన యిరువదియేండ్లుగా నా సంస్థానమున కాస్థానక్రీడాకారుఁడై గోదావరి కీవల నావలఁ గల సంస్థానములనుండి వచ్చిన యాటగాండ్ర నెందఱనో వచ్చినదారినే పంపివేసిన ధీశాలి. ఈవలిప్రక్కను పదునొకండేండ్ల సూరమ్మ. పీఁటమీఁదఁ గూర్చున్నచోఁ బలక యావలియంచు చేతి కందనందున మోకాళ్లమీఁద లేచి పావులు జరుపుచు మఱలఁ గూర్చుండుచున్న యా బాలికను జూచి యుదయమున నవ్వినవారెవ్వరును ఇప్పుడు నవ్వుట లేదు.

ఆ సంస్థానమునఁ బూర్వప్రభువులనాఁటినుండియు నొక కట్టుబాటు గలదు. ఆస్థానక్రీడాకారునిపై సవాలు చేసి వచ్చినవాఁడు అతని రాజును గట్టి తీరవలయును. ఓడినను ఆట సమమైనను ఒక్కటే. వచ్చినవాఁ డటుపిమ్మట సంస్థానపు టెల్లలలోఁ జదరంగపుఁ బావును ముట్టరాదు. ఇదిగాక దేశవాళి యాటలో మఱియొక ధర్మము గలదు. పరివారమంతయు నశించి రాజొక్కఁడే మిగిలెనేని అట్టి దిక్కులేనివానిని గట్టుట పాపమని యెంచి యాటను సమముగాఁ జెల్లింతురు. ఈ రెండింటిని జతగూర్చి తనకోటకు గోడలు పెట్టుకొన్నవారు ఆచార్యులవారు. ఆట తమకుఁ బ్రతికూలించునప్పుడెల్ల ఆయన తమ పావుల నొకటొకటిగా నెదిరికి మేపి కడపట నొంటిరాజును మిగుల్చుకొని చేతులు దులుపుకొనెడివారు.

సూరమ్మతండ్రి పేర్రాజుగా రట్లు చిక్కినవారిలో నొకఁడు. గ్రామకరణీకముకంటెఁ జదరంగమునే నమ్ముకొనిన యా పెద్దమనిషి తొమ్మిదేండ్ల క్రిందట నిదే చావడిలో గెలుపు చేతికందిన సంతోషమున నెదిరి కడపటి బంటును ఒక్క దెబ్బలోఁ దినివేసి ఒంటిరాజును జూచి నాలుక కఱచుకొనెను. నాఁటినుండి పావును ముట్టలేదు. ముట్టక కూఁతునకు నేర్పెను. చేతులు వెనుకకుఁ బెట్టుకొని నోటితోఁ జెప్పఁగా బాలిక తన చేతితో జరుపును. ఇప్పుడాయన చావడి స్తంభమున కానుకొని నిలిచి కూఁతు చేతినే చూచుచుండెను. ఈమెయు నోడెనేని ఆ యింటఁ బావు ముట్టు చేయి మఱి యుండదు.

మధ్యాహ్నము తిరిగినది మొదలు ఆట సన్నగిలి సన్నగిలి పలకమీఁద రెండేసి పావులును రాజులును మిగిలిరి. సూరమ్మ యెఱ్ఱబలమున నేనుఁగును గుఱ్ఱమును, ఆచార్యులవారి పచ్చబలమున నేనుఁగును బంటును. అప్పుడాచార్యులవారు తమ యేనుఁగును దెచ్చి యామె యేనుఁగున కెదురుగా నిలిపిరి.

"ఏనుగుకి ఏనుగు ఇచ్చేసుకుందామా అమ్మడూ. పెద్దవాణ్ణి, నడుం లాగుతోంది."

"మీ ఇష్టం తాతగారూ. నా నడుం బాగానే ఉంది" అని సూరమ్మ యా యేనుఁగును గొట్టెను. ఆచార్యులవారి రాజు ముందునకుఁ దుమికి దాని పగ తీర్చుకొనెను. సభలో గుసగుసలు పుట్టెను.

"బంగారమంటి ఏనుగునిచ్చి ఒంటి గుర్రాన్ని ఉంచుకుందేవిట్రా ఈ పిల్ల" అని గొంగళిలోని యొక రైతు ప్రక్కవానితో ననెను.

"ఒంటెద్దుని కాడికి కట్టినట్టుంది. ఒక్క గుర్రంతో రాజుని కట్టడం నేనైతే చూళ్ళేదు."

ఆ మాట చావడిలోని విద్వాంసులందఱి మాటయు నగును. ఒంటిగుఱ్ఱము రాజును గట్టఁజాలదని ఆచార్యులవారే శిష్యులకు మొదటిపాఠముగాఁ జెప్పుచుండిరి.

మఱికొన్ని యెత్తులకుఁ బచ్చరాజు సూరమ్మయొక్క యెడమమూలకు సరిగాఁ బైగడిలోనికి దిగెను. ఆ యంచువరుసలోనే రాజు వెనుక నొక గడి విడిచి పచ్చబంటు నిలిచియుండెను. దేశవాళి యాటలో బంటు కడపటివరుస నే గడిఁ జేరునో యా గడికిఁ జెందిన పావగును గావున నంచువరుసను నడచు నా బంటు మూలఁ జేరిన యేనుఁగగును. ఎఱ్ఱరాజు పచ్చరాజుప్రక్కను నడుమ నొక గడి విడిచి దారి కడ్డముగా నిలిచియుండెను. ఎఱ్ఱగుఱ్ఱము దూరమునుండి బంటును గొట్టుటకు సిద్ధముగా నుండెను. ఎత్తు సూరమ్మది.

దివాణపు గద్దెమీఁద నానుకొనియున్న జమీందారు విజయగోపాలరాయణింగారు ముందునకు వంగిరి. "ఆచార్యులవారూ, ఇక సమమే అనుకోవచ్చునా?"

"ప్రభువులు దీపాలు పెట్టించేలోగా తేలిపోతుంది. పిల్ల బంటుని తింటే నేను ఒంటిరాజుని, ఆట సమం. తినకపోతే బంటు ఏనుగవుతుంది. ఎటు తిరిగినా ఆ పిల్లకే ఇబ్బంది." ఆయన బాలికవైపు దిరిగి యొకింత నవ్వెను. "తినవే అమ్మడూ. నోటిదగ్గరకి తెచ్చిపెట్టాను. మీ నాన్న ఇంత మొహమాటపడలేదు."

స్తంభముచెంత నున్న పేర్రాజుగారి ముఖము వివర్ణమయ్యెను. సూరమ్మ మాత్రము పలకనుండి చూపు మరల్పకయే, "మా నాన్న ఆవేళ ఆకలిమీద ఉన్నారండి. నేను చద్దన్నం తినే వచ్చాను" అనెను. రైతుల నడుమ నొక నవ్వు పుట్టి జమీందారుగారి మొగము జూచి యణఁగెను.

ఆమె మోకాళ్లమీఁద లేచెను. చేయి చాఁచి గుఱ్ఱముతలపై వ్రేలు మోపెను. మోపిన పావును జరుపక తీరదు. చూరునీరు రాతిమీఁదఁ బడు చప్పుడొక్కటే వినఁబడుచుండెను. ఆ వ్రేలు బంటువైపు దిరిగినచోఁ దొమ్మిదేండ్ల క్రిందటి సాయంకాలమే మఱల వచ్చును. పేర్రాజుగారు కన్నులు మూసికొనెను.

గుఱ్ఱము బంటును గొట్టలేదు. దానిని విడిచి వెనుకకు మరలి తన రాజుచెంత వచ్చి నిలిచెను.

ఆచార్యులవారి కనుబొమ లొక్కసారి పైకి లేచి మఱల దిగెను. ఇరువదియేండ్ల విజయములచేఁ బదునెక్కిన యా బుద్ధి యాక్షణమునఁ దన పదునునే నమ్మెను. తినవలసినది తినలేదు, భయపడినది, ఇంక బంటును నడిపించుటయే తరువాయి యని యాయన తలఁచెను. రాజును బంటుచెంతకు వెనుకకుఁ దీసికొనియుండెనేని ఆ యాట యెందాఁక సాగెడిదో చెప్పఁజాలము. కాని ఒంటిగుఱ్ఱమునకు వెఱచి రాజును జరుపుకొనుట తన పాఠమునకుఁ దానే వెఱచుట యగును. అందువలన నాయన నిదానముగా నొక వ్రేలితో బంటును ముందునకుఁ ద్రోసెను. బంటు వచ్చి రాజు వీఁపున కానుకొని నిలిచెను.

"రాజండీ తాతగారూ."

సూరమ్మగుఱ్ఱము దుమికి బంటు వెనుక నైమూలగడిలో వ్రాలి రాజును బెదరించుచుండెను. ఆచార్యులవారు చూచిరి. వెనుకకుఁ బోవుటకుఁ దమ బంటే యడ్డము. ప్రక్కగడులన్నియు నెఱ్ఱరాజు చూపులో నుండెను. మిగిలినది మూల యొక్కటే. రాజు మూలలోనికిఁ బోయెను.

ఈసారి సూరమ్మ గుఱ్ఱమును ముట్టలేదు. తన రాజును దీసి యొక్కగడి తనవైపు వెనుకకు, కడపటివరుసలోనికి దించి కూర్చుండెను. ఆ యెత్తులో గర్జన లేదు, దెబ్బ లేదు. వాకిట నున్నవాఁ డొక యడుగు ప్రక్కకు జరిగినట్లుండెను. సభలో సగముమంది కది యేమియు నర్థము గాలేదు.

ఆచార్యులవారి కర్థమయ్యెను. ఆయన చేయి పలకమీఁదికిఁ బోయి యాకసమున నిలిచిపోయెను. మూలనున్న రాజున కిరుప్రక్కలఁ గల గడులను నెఱ్ఱరాజును గుఱ్ఱమును గాచుచుండఁగా నాతఁడు కదల వీలులేదు. ఎత్తు మానుటకు వీలులేదు. కదలఁగలది బంటొక్కటే. అది యొక్క యడుగు వేసినచో గుఱ్ఱము కాచుచున్న గడిని దానే మూసి, గుఱ్ఱమును దెబ్బకు విడిపించును. తినిపించి వదలించుకొనఁ జూచిన బంటు, తినక విడువఁబడిన బంటు, తమ రాజు తలుపునకుఁ దమ చేతనే గడియ కానున్నది. ఏనుఁగు కావలసిన మూలలోఁ దమ రాజే చిక్కి కూర్చుండియున్నాఁడు.

"తినెయ్యవే తల్లీ" అని యాయన యెవరికిని వినఁబడనంత మెల్లగా ననెను. అది వేళాకోళముగా మొదలై ప్రార్థనగా ముగిసెను.

"తిననండి" అని సూరమ్మయు నంత మెల్లగానే యనెను.

కొంతసేపటికి బంటు ముందునకు నడిచెను. గుఱ్ఱము దుమికెను. రాజు కట్టువడెను. బంటు నిండుప్రాణములతో రాజున కంటుకొనియే నిలిచియుండెను గావున సమమని యడుగుటకు ధర్మమొక్కటియు మిగులలేదు.

చావడి యొక్కసారి యూపిరి విడిచెను. రైతులు లేచి గొంగళ్లు విదిలించిరి. జమీందారుగారు గద్దెదిగి వచ్చి పలకను జాలసేపు చూచి, "పేర్రాజూ, ఇది నీ పాఠమేనా" అని యడిగిరి.

పేర్రాజుగారు స్తంభమును విడిచి ముందునకు వచ్చెను. "తినవద్దని మాత్రం చెప్పాను ప్రభూ. తినకుండా ఏం చెయ్యాలో నాకు తెలీదు. అది తనే చూసుకుంది."

"అయితే ఈ సంస్థానంలో అమ్మాయి ఎక్కడ కావాలంటే అక్కడ, ఎవరితో కావాలంటే వాళ్ళతో ఆడుకుంటుంది. రాయించండి" అని జమీందారుగారు దివాన్జీకిఁ జెప్పి వానసందు చూచుకొని లోపలికి వెడలిరి. జనులు కథ చెప్పుకొనుచు బురదలోనికి దిగిరి.

ఆచార్యులవారు లేవలేదు. ఆయన ముఖమున నవమానము వెదకుటకుఁ గాచుకొనియున్న శిష్యుల కది కానరాలేదు. చిరకాలము తానొక్కఁడే కాపురమున్న యింట మఱియొక గది యున్నదని తెలిసినవానివలె నాయన పలకవైపు వింతగాఁ జూచుచుండెను. పిదపఁ దమ చేతితోనే పావుల నన్నిటిని వెనుకకు నడిపించి, బంటును ద్రోయకముందటి స్థితిలో నిలిపి, రాజును బంటుచెంతకు జరిపెను.

"అమ్మడూ, నేనిలా వెనక్కి వచ్చి ఉంటే?"

సూరమ్మ మోకాళ్లమీఁద లేచెను. గుఱ్ఱమువైపుఁ జేయి చాఁచి యాపెను. కనుబొమలు ముడివడెను. ఉదయమునుండి యొక్క యెత్తునకును దడుముకొనని యా బాలిక యిప్పుడు పెదవి మునిపంట నొక్కి యిటునటు చూచి కడకు, "తెలీదండీ తాతగారూ" అనెను.

"నాకూ తెలీదు" అని యాచార్యులవారు సంతోషముతో ననెను.

గెలుపోటములు సభకుఁ గావలయును గాని యాట కక్కఱలేదు. మబ్బులు మఱలఁ గ్రమ్మి చావడి చీఁకటిపడుచుండఁగా, దీపము దెచ్చినవాఁడు నిలిచియున్న సంగతియైన నెఱుఁగక, నెరసిన తల యొకటియు నూనెరాచిన జడ యొకటియు నా పలకమీఁదికి వంగి యుండెను.