అర్లీతా సాక్ష్యం

ఉమ్మేయాలా మింగేయాలా, సరిగ్గా ఇప్పుడే ఎటూ తోచడం లేదు అర్లీతాకి, బుగ్గన పెట్టుకున్న దుంపరాష్ట్రం వేరు ముక్క నాలుకని చుర్రుమనిపిస్తోంది, జడ్జీ రాకముందే ఆ రసం కోర్టు నేల మీద ఉమ్మాలే పిల్లా, అప్పుడాయన మనసు మనవైపు మొగ్గుతుంది అని తామార్ పెద్దమ్మ చిలక్కి చెప్పినట్టు చెప్పింది, జడ్జీ వచ్చి కూర్చోనే కూర్చున్నాడు, తను సాక్షి బోనెక్కనే ఎక్కింది, అదిగో పెద్దమ్మ, ముద్దాయి బల్ల వెనకాల, చేతులకి సంకెళ్లు, లైసెన్సు లేకుండా వైద్యం చేస్తోందని పట్నం డాక్టరు ఫిర్యాదు చేస్తే దీవి మీది ఇంట్లోంచి పడవెక్కించి తెచ్చారు, పొయ్యి మీద పీతలూ బెండకాయలూ ఉడుకుతున్నాయి నాయనా, దించుకోనివ్వండి అన్నా వినలేదట, అంత మంచి కూర మాడ్చిన ఉసురు ఊరికే పోతుందా, నవ్వొస్తోంది, నవ్వకూడదు, మింగేసింది, గొంతు దిగి కడుపులో మంటై కూర్చుంది, ఉండనీ.

ఈ డాక్టరే కదా తన తొలికాన్పుకి ఏరు దాటి రానన్నది, ఈ వానలో నల్లవాళ్ల గుడిసెకా అన్నది, అప్పుడు పెద్దమ్మ వచ్చి మంచం కింద గొడ్డలి పెట్టింది, ఇది నీ నొప్పిని నరుకుతుంది, నువ్వు గట్టిగా అరిచెయ్యవే అంది, అరిచింది, కొడుకు పుట్టాడు, నాకూ నేర్పవూ అని కాళ్లావేళ్లా పడితే బట్టలుతికే చేతులు నీవి, ఆ సబ్బు కంపుకి నా మందు వేళ్లు పారిపోతాయే అని ఎకసెక్కమాడింది, ముందు వాకిలి ఊడ్పించింది, ఎవరి అడుగుజాడని ఎటు ఊడిస్తే ఎటు పోతారో చూపించింది, బురదలో వేరు పెకలించేముందు మొక్కని అడగమంది, సమాధి మట్టి తీసేముందు లోపలి మనిషికి కాస్త విస్కీ పోసి అడగమంది, తాయెత్తుగా ఎర్ర గుడ్డ మూట కట్టి దాని మీద ఊపిరి ఊదడం నేర్పింది, ఇదంతా సైతాను పని అని చర్చి పెద్ద డీకన్ అంటే నేనూ ఆ యేసయ్యనే పిలుస్తానయ్యా, మీరు గావుకేకలేసి, నేను చెవిలో అంది, కానీ అన్నిటికన్నా గట్టిగా చెప్పింది ఒకటే, వచ్చినవాళ్ల మొహం చూడకు, చూసినా మరిచిపో, అయినా ముసుగేసుకుని పెరటి తలుపున ఏడుస్తూ నిలబడ్డ దొరసానిని బూట్లు చూసే గుర్తుపట్టేసింది అర్లీతా, డాక్టరు భార్య, ఆవిడింట్లో దుప్పట్లు ఉతికేది తనే మరి.

ఏమే అర్లీతా, వినపడుతోందా, కరోలినా రాష్ట్రం తరఫు ప్లీడరు బల్ల గుద్దుతున్నాడు, ఆ ముసల్దాని దగ్గర చేతబడి నేర్చుకున్నావా, మందు వేళ్ల పని నేర్చుకున్నానండీ, మందులకి ఎవరెవరు వచ్చేవారో పేర్లు చెప్పు, నిన్ను ఇంటికి పంపేస్తాం, లేదా నువ్వూ జైలుకే, తెలీదని మాత్రం అనకు, తెలుసండీ, తన గొంతేనా అది, అందరూ తెలుసు, చెప్పను, ఏంటీ, చెప్పనండీ, ఎంత పొగరే నీకు, జైల్లో కుళ్లుతావు, నన్ను లోపలేస్తే నేర్చుకున్నది కూడా నాతోనే లోపలికొస్తుంది కదండీ, బయటికొచ్చాక మళ్లీ చేస్తాను, పైన బాల్కనీలో, నల్లవాళ్ల వరసల్లో, ఎవరో అమ్మో అన్నారు, జడ్జీ సుత్తి కొట్టాడు, తీసుకెళ్లండి దీన్ని.

కింద ముందు వరసలో డాక్టరు భార్య చేతిలో విసనకర్ర ఆగిపోయింది, ఆవిడ మీద జాలా, నా బొంద, పెద్దమ్మ గుమ్మంలో కార్చిన కన్నీళ్లు ఎవరివైనా సరే ఈ మగాళ్ల ముందు పారబోయడం తన వల్ల కాదు, అంతే, షెరీఫు తల దించేసుకున్నాడు, వాళ్లమ్మ మోకాళ్లకి నూనె పట్టుకెళ్లింది ఇతనే, పైన డీకన్ తన టోపీలోకి చూసుకుంటున్నాడు, ఆ పెరటి తలుపు ఆయనకీ తెలుసు, టోపీలో ఏం కనిపిస్తోందో పాపం, బంట్రోతు వచ్చి మోచెయ్యి పట్టుకున్నాడు, పట్టుకోనీ, పిల్లాడు అమ్మమ్మ దగ్గర ఉన్నాడు, పాలు తాగే ఉంటాడు, గుండె లాగుతోంది, లాగనీ, ఈ నల్లకోట్లనీ తుపాకుల్నీ చూసి వణకాల్సింది తనే అనుకుంది ఇన్నాళ్లూ, ఇప్పుడు చూస్తే ఒక బట్టలుతికే మనిషి పెదవి కదుపుతుందేమోనని ఇంతమందికీ చెమటలు పడుతున్నాయి, ఈ గది మొత్తంలో భయం లేనివాళ్లు ఇద్దరే, సంకెళ్లలో ఉన్న పెద్దమ్మ, తను.