సముద్రం వైపు గేటు

ఆ రొయ్యల ఫ్యాక్టరీలో ప్రతి గోడ మీదా ఒకటే బోర్డు: సైరన్ మోగితే వెనక గేటు దాటి సముద్రపు గట్టు మీద నిలబడాలి. ఐసు యంత్రాల గదిలో అమ్మోనియా గ్యాస్ ఉంది. గాలి సముద్రం మీంచి వీస్తుంది. గాలికి ఎదురెళ్తే బతుకుతారట. బోర్డు రాసినవాడికి గ్యాసంటే భయం. పక్కనే సముద్రం ఉన్న సంగతి వాడికి పట్టలేదు.

ఉదయం పది గంటలకి నేల ఊగింది. ట్రేలు బల్లల మీంచి జారిపడ్డాయి. నిమిషం దాటినా ఆగలేదు. వాచ్‌మన్ సైరన్ నొక్కాడు. డెబ్బై మంది ఆడవాళ్లు, చేతి తొడుగులైనా తీయకుండా, నేర్పినట్టే వరసగా గట్టెక్కారు.

రొయ్యలు వలిచే షెడ్డు మేస్త్రమ్మ కూడా ఎక్కింది. గ్యాస్ ఆపరేటరు ఆమె తమ్ముడే. పైపులన్నీ చూసి, మెడలో గ్యాస్ మీటరుతో చివర్న వచ్చాడు.

"లీకేం లేదు. అయినా నువ్వుండగా ఈ మీటరెందుకక్కా, నీ ముక్కు చాలు."

"ముందు నా ముక్కుకి జీతం ఇప్పించరా."

నవ్వులు మధ్యలోనే ఆగిపోయాయి. ఎదురుగా నీళ్లు లేవు. పడవలు బురదలో పక్కకి ఒరిగి ఉన్నాయి. చేపలు ఎగిరెగిరి పడుతున్నాయి.

"మేస్త్రమ్మా, ఇవాళ సరుకు తనే వచ్చింది," అంటూ నలుగురు ట్రేలతో దిగబోయారు.

సముద్రం అడుగున నేల విరిగి పైకి లేస్తే, దాని మీదున్న నీళ్లన్నీ అడుగు నుంచి కదులుతాయి. నడిసముద్రంలో పడవవాడికి కూడా తెలియదు. ఒడ్డు దగ్గర లోతు తగ్గేకొద్దీ చోటు చాలక లేస్తాయి. కొన్నిసార్లు అలా లేచే ముందు వెనక్కి పోతాయి. ఈ ముక్క ఏ బోర్డు మీదా లేదు. మేస్త్రమ్మకి మాత్రం పడవల మీద పనిచేసిన నాన్న చెప్పాడు.

"దిగొద్దు. ముందు గేటు అవతల మిట్ట మీదికి పదండి."

"హాజరు పూర్తయ్యేదాకా ఎవరూ కదలకూడదు," అన్నాడు సూపర్‌వైజరు.

దూరంగా నీళ్ల అంచున తెల్లటి గీత కనపడింది. మేస్త్రమ్మ సూపర్‌వైజరు వైపు చూసింది. ఏప్రాన్‌తో ముక్కు మూసుకుంది.

"గ్యాసు," అని అరిచింది. "గాలి తిరిగింది, ఇటువైపే కొడుతోంది. ముందు గేటుకి పొండి."

సముద్రానికి భయపడనివాళ్లు ఆ మాటకి భయపడ్డారు. అందరికంటే ముందు సూపర్‌వైజరు పరిగెత్తాడు. గుంపంతా మిట్ట వైపు తిరిగింది, ఒక్కడు తప్ప. తమ్ముడు యంత్రాల గదిలోకి పరిగెత్తుతున్నాడు. లీకైతే వాల్వులు కట్టడం వాడి పని.

ఆమె వెంటపడింది. లోపల వాడు మాస్కు పెట్టుకుని చక్రం బిగిస్తున్నాడు.

"లీకు లేదురా. అబద్ధం చెప్పాను. సముద్రం వస్తోంది."

"మీటరు సున్నా చూపిస్తోంది. అదే పాడైందనుకున్నా," అన్నాడు. "నీ ముక్కు ఎప్పుడు తప్పింది గనక."

గేటు విరిగిన చప్పుడు. ఇద్దరూ ఇనుప నిచ్చెన మీంచి కప్పెక్కారు. వచ్చింది అలలా లేదు. నల్లటి నేల నడిచొచ్చినట్టుంది. పడవలు, ట్రేలు, ఆ బోర్డులు, అన్నీ కలిపి తోసుకొచ్చింది. కప్పుకి జానెడు కింద ఆగి, దొరికినదల్లా ఈడ్చుకుంటూ వెనక్కి పోయింది.

మిట్ట మీంచి ఆడవాళ్లు తాడు పట్టుకుని దిగుతున్నారు. "మేస్త్రమ్మా, వస్తున్నాం ఉండు."

ఆమె సముద్రం వైపు చూసింది. నీళ్లు ఇందాకటికంటే దూరం పోయాయి, అంటే మళ్లీ వస్తాయి.

అప్పుడు తగిలింది వాసన. కళ్లు మండాయి. కింద పైపులు తెగాయి. తమ్ముడి మెడలో మీటరు ఇప్పుడు సున్నా చూపించడం లేదు.

"గ్యాసు, రావద్దు," అని అరిచింది. ముందున్నవాళ్లు ఆగారు. వెనకవాళ్లకి వినపడలేదు, దిగుతూనే ఉన్నారు.

తమ్ముడు తన మాస్కు విప్పి ఆమె ముఖానికి తొడగబోయాడు. ఆమె వాడి చేయి తోసేసింది. మాస్కులోంచి అరిస్తే మిట్ట దాకా వినపడదు.