ముందు చక్రానికి లేని పట్టీ

"తోడబుట్టినదాని బండికే కక్కుర్తి పడ్డావు గదరా! చేతులెలా వచ్చాయిరా నీకు?"

అక్క ఈ మాట తమ్ముడి సైకిలు షాపులో, బయటివాళ్లు వింటుండగానే అనేసింది. నిజానికి తిట్టడానికి రాలేదామె. తప్పు నాదే, క్షమించరా అని చెప్పడానికి పూలకుండీ ఒకటి పట్టుకొచ్చింది.

ఆమె మొక్కల తోటలో పనిచేస్తుంది. కుండీలు, మట్టిబస్తాలు సైకిలు వెనక పెట్టెబండిలో వేసుకుని మిట్టమీది ఇళ్లకు చేరుస్తుంది. ఎక్కీ ఎక్కీ మోకాళ్లు అరిగాయి. అప్పుడు తమ్ముడే అన్నాడు: "కొత్త బండెందుకే అక్కా? ఉన్న సైకిలుకే ముందు చక్రంలో మోటారు పెడతా, సీటు కింద బ్యాటరీ కడతా. మిట్టే దిగొచ్చి నీకు దండం పెడుతుంది."

చిన్నప్పుడు సీటు పట్టుకుని వెంట పరిగెత్తి వాడికి సైకిలు నేర్పింది ఈ అక్కే. వాడి చెయ్యి పడితే ఇంక అనుమానమేముంది? బండి బ్రహ్మాండంగా నడిచింది. చూసినవాళ్లందరికీ చెప్పింది: "మా తమ్ముడే చేశాడు. కళ్లు మూసుకుని మీ బండి ఇచ్చెయ్యండి." నీళ్ల క్యాన్లాయన ఇచ్చాడు. పాతకాగితాలాయన ఇచ్చాడు. బరువు లాగేవాళ్లంతా ఆమె మాట మీదే వాడి గుమ్మం తొక్కారు.

సెలవురోజున పెట్టెబండి విప్పేసి, మొగుణ్ణి వెనక కూర్చోబెట్టుకుని వంతెన మీదికి చల్లగాలికి పోయేది. ఆయన దర్జీ. "పెళ్లయిన కొత్తలో నేను తొక్కితే నువ్వు కూర్చున్నావు. ఇప్పుడు బాకీ తీరుస్తున్నావు" అని వెనకనుంచి వేళాకోళమాడేవాడు.

పోయిన సెలవుకి, ఆ వంతెన ఎక్కుతుండగానే, ముందు చక్రం, దాన్ని పట్టి ఉంచే ఫోర్కులోంచి ఊడి దూకింది. ఇద్దరూ రోడ్డు మీద పడ్డారు. ఆయన కుడిచెయ్యి విరిగింది. కత్తెర పట్టే చెయ్యి.

తమ్ముడు పరుగున వచ్చాడు. ఫోర్కు వంక చూశాడు. జనం ముందు తల పట్టుకున్నాడు. "నట్లు వదులయ్యాయో లేదో చూసుకోవద్దా అక్కా? ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

బిగించాననే ఆమెకు గుర్తు. కానీ తెలిసినవాడు చెప్పాక ఇంకేముంది, నమ్మేసింది. ఇంట్లో మొగుడు ఎడంచేత్తో అన్నం కెలుకుతుంటే ఆమె కంచం వదిలి లేచిపోయేది.

అందుకే ఈ రోజు కుండీ పట్టుకుని వచ్చింది. షాపులో తమ్ముడు తళతళలాడే సైకిలొకటి తయారుచేస్తున్నాడు. పొద్దున్నే షికారు తొక్కడానికి చేయించుకుంటున్న పెద్దమనిషి పక్కనే నిలబడ్డాడు. తమ్ముడికి అక్క వచ్చినట్టు తెలియలేదు.

"ఈ ఇనుపపట్టీ చూశారా సార్? మోటారు చక్రాన్ని ముందుకు తోస్తుంటే ఇరుసు వెనక్కి తిరుగుతానంటుంది. దాన్ని ఫోర్కుకు కట్టిపడేసేది ఇదే. ఇది లేదనుకోండి, ఇరుసు గిర్రున తిరిగి, ఫోర్కు నోరు తెరుచుకుని, చక్రం ఊడిపోతుంది. నేను రెండువైపులా వేస్తా. నా దగ్గర కక్కుర్తి ఉండదు."

అక్క కుండీ కింద పెట్టింది. ఆ రోజు తమ్ముడు వంతెన దగ్గర్నుంచి తెచ్చి మూలన పడేసిన తన సైకిలు దగ్గరికి పోయి వంగి చూసింది. ఫోర్కు ఇనుము మీద నట్ల అచ్చు లోతుగా దిగి ఉంది. వదులు నట్లకు అంత అచ్చు పడదు. ఫోర్కు నోరు చీలి ఉంది. మోటారు వైర్లు తాడులా మెలిపడి తెగాయి. పట్టీ ఏ వైపూ లేదు. ఎప్పుడైనా వేసినట్టు ఒరుసుకున్న గీత కూడా లేదు.

అప్పుడు నోరు విప్పింది. కక్కుర్తి అన్న మాట వాడిదే. వాడికే తిప్పికొట్టింది.

తమ్ముడు స్పానరుతో సహా బిగుసుకుపోయాడు. "అక్కా, సార్‌ని పంపించనీ. తర్వాత మాట్లాడుకుందాం."

"సార్ ఉండగానే చెప్పు. నాదానికేదిరా పట్టీ?"

"నీది పాత ఫోర్కు. ఈ పట్టీ దానికి అతకదు. వేరే చేయించి సానబట్టాలి, బోలెడు పని. మెల్లగా పోయేదానివి గదా అని..."

"మట్టిబస్తాలతో మిట్టెక్కేదాన్నిరా! సార్ ఏం మోస్తాడు, నీళ్ల సీసానా?"

పెద్దమనిషి నవ్వబోయి ఆపుకున్నాడు.

"మనవాళ్లమే గదక్కా. నువ్వు అడగవనుకున్నా."

అదీ సంగతి! అడిగేవాడికి రెండు పట్టీలు. నమ్మినదానికి రోడ్డు, పైగా నింద.

"ఆ రోజు ఫోర్కు చూడగానే నీకు తెలిసిపోయింది. తెలిసే నా నెత్తిన రుద్దావు. మీ బావ మొహం చూడలేక చచ్చానురా." ఆమె గొంతు తగ్గింది. "నేను పంపినవాళ్ల బళ్లకి?"

వాడు నేల చూశాడు.

"ఒక్కదానికీ వెయ్యలేదా?"

"అన్నీ పాత ఫోర్కులే గదక్కా..."

ఆమె విరిగిన సైకిలు ఈడ్చుకొచ్చి గుమ్మానికి అడ్డంగా పడేసింది.

"సార్, మీ బండి ఇవ్వాళ కాదు. ఒరే, స్పానరు కింద పెట్టు. ముందు నీళ్ల క్యాన్లాయనకు ఫోను చెయ్యి. ఎక్కడుంటే అక్కడ దిగిపోయి, మోటారు ఆపి, నడిపించుకుంటూ రమ్మను. తర్వాత కాగితాలాయనకు. నేను పంపిన ప్రతివాడికీ. అందరి బళ్లకీ పట్టీలు రెండువైపులా వేసేదాకా ఈ గుమ్మంలోంచి ఒక్క షికారు బండీ కదలదు. అదయ్యాక మా ఇంటికొచ్చి, నట్లు వదులు కాలేదని మీ బావకు నీ నోటితో చెప్పు. ఊఁ, చూస్తావేం? ఫోను తియ్యి!"